మాటే ముందు

"హలో అంటే చాలమ్మా, కథలు చెప్పక్కర్లేదు!" ఇంజనీరు ఫోన్లో విసుక్కున్నాడు.

అవతల హాల్లో ఉన్న ఆవిడ వింటేగా!

"ఇప్పుడు గుసగుసగా మాట్లాడతాను బాబూ, వినిపిస్తుందేమో చూడు" అంది. గొంతు తగ్గించి, "త్వరగా రండి, త్వరగా రండి" అంది.

"వినిపిస్తోంది. పక్క బల్ల దగ్గరికి వెళ్ళండి."

అది అంబులెన్సుల కంట్రోల్ రూమ్. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా ముందు మోగేది ఆ హాల్లో ఫోన్లే. పాత ఏర్పాటులో మాట తెగిపోతోందని అన్నీ మారుస్తున్నారు. అందాకా వచ్చే ఫోన్లని వేరే ఆఫీసుకి మళ్ళించి హాలు ఖాళీ చేయించారు. సాయంత్రం షిఫ్టు కొత్త ఫోన్లతో మొదలు కావాలి. ఒక్కటి మొరాయించినా ఎవరి కొంప మునుగుతుందో తెలియదు కానీ, తన కాంట్రాక్టు మునగడం మాత్రం ఖాయమని ఇంజనీరుకి తెలుసు.

అతను పక్క గదిలో, బల్లల తీగలన్నీ వచ్చి చేరే స్విచ్ పెట్టె ముందు కూర్చుని, తీగ దూర్చే ఒక్కో పోర్టూ సరిచేస్తున్నాడు. హాల్లో బల్లబల్లకీ వెళ్ళి ఫోన్లో మాట్లాడి చూడ్డానికి హెడ్ ఆపరేటరు ఈవిడని పురమాయించింది. ఎవరో ఏమిటో చెప్పలేదు. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచీ. తన మీద నిఘాకి మేనేజరు వాళ్ళ అత్తగారిని దింపాడని ఇంజనీరు అనుమానం. మనసులో ఆవిడకి 'ఇన్‌స్పెక్టరమ్మ' అని పేరు కూడా పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ఒక పట్టాన వదిలే రకం కాదు. ప్రతి ఫోన్లోనూ ఒకసారి మామూలుగా, ఒకసారి గుసగుసగా, ఒకసారి ఆయాసపడుతూ మాట్లాడుతోంది.

"అబ్బో, అచ్చం నిజంలాగే ఉంది! నాటకాల్లో వేసేవారా అమ్మా?"

"లేదు బాబూ. గాభరాలో ఉన్నవాళ్ళు నింపాదిగా హలో హలో అనరు కదా."

నిజమే సుమా అనుకున్నాడు ఇంజనీరు.

మధ్యలో ఆవిడ అతని గదికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"అసలు మాట ఎందుకు తెగుతుంది బాబూ?"

"ఒక్కో బల్లకీ ఒకటే తీగమ్మా. ఫోన్లో మాట, కంప్యూటర్లో డేటా, రెండూ అందులోంచే పోవాలి. డేటా మందలా వచ్చి పడుతుంది, మాట దాని వెనక ఇరుక్కుంటుంది. అందుకే 'ఇది మాట, దీన్ని ముందు పోనియ్యి' అని ప్రతి పోర్టుకీ చెప్పి పెడుతున్నాను."

"ఇరుక్కున్న మాట కాసేపటికైనా చేరదూ?"

"డేటా ముక్క పోతే కంప్యూటరు మళ్ళీ పంపించుకుంటుంది. మాట అలా కాదమ్మా. పోతే పోయినట్టే."

"చెప్పినవాళ్ళకి తెలుస్తుందా, చేరలేదని?"

"ఎలా తెలుస్తుంది! చెప్పేశామనే అనుకుంటారు."

"అలాగా" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

మూలబల్లతో పని ముగిసింది. అన్ని ఫోన్లూ బాగున్నాయి. ఇంజనీరు ఒళ్ళు విరుచుకుని ల్యాప్‌టాప్ మూశాడు.

ఇంతలో ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో ప్రత్యక్షం.

"ఇప్పుడు హాలు ఖాళీగా ఉంది కదా బాబూ. అందరూ కూర్చుని కంప్యూటర్లు వాడుతుంటే మళ్ళీ ఒకసారి చూద్దామా?"

ఇంజనీరుకి ఒళ్ళు మండింది.

"నా పని నాకు నేర్పకండమ్మా. మీకు పొద్దుపోక వచ్చినట్టున్నారు, నాకు బోలెడు పనుంది."

ఆవిడ కోపం తెచ్చుకోలేదు.

"నేర్పడానికి నాకేం తెలుసు! నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి."

అలా అడిగితే ఎవరు మాత్రం కాదనగలరు? గొణుక్కుంటూనే ఆపరేటర్లందర్నీ పిలిపించాడు. అన్ని కంప్యూటర్లలోనూ ఊరి మ్యాపులు తెరిపించాడు. ఆవిడ మొదటి బల్ల నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఎక్కడా వంక లేదు.

చివరికి మూలబల్ల.

"త్వర... ...ండి... ఇక్క..."

ఇంజనీరు గబుక్కున స్విచ్ వైపు తిరిగాడు.

తీగ పట్టుకుని వెతికితే, అది ఉండాల్సిన పోర్టులో కాకుండా, ఏ బల్లకీ కేటాయించని పక్కదాంట్లో ఉంది. ఆ పోర్టుకి అతను మాట సంగతి చెప్పనేలేదు. ఖాళీ హాల్లో ఎలాగో నెట్టుకొచ్చిన ఫోను, సందడి మొదలయ్యేసరికి డేటా కింద నలిగిపోయింది. ఆ కాసేపూ అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. గబగబా సరిచేశాడు.

"ఇప్పుడు మాట్లాడండమ్మా."

"వినిపిస్తోందా బాబూ?"

"ప్రతి అక్షరమూ వినిపిస్తోంది."

"ప్రతి అక్షరమూనా?"

"ప్రతి అక్షరమూ అమ్మా."

అవతల ఆవిడ ఊపిరి కూడా స్పష్టంగా వినిపిస్తోంది.

అతను సామాను సర్దుకుని హాల్లోకి వచ్చేసరికి షిఫ్టు మొదలైపోయింది. ఫోన్లు మోగుతున్నాయి. ఆవిడ లేదు.

"ఇన్‌స్పెక్టరమ్మ... అదే, ఫోన్లలో మాట్లాడి చూసిన ఆవిడ ఏరండీ?" అని హెడ్ ఆపరేటరుని అడిగాడు. "నోటికొచ్చినట్టు మాట్లాడాను, క్షమాపణ చెప్పుకోవాలి. ఆవిడే పట్టుబట్టకపోతే ఇవాళ ఎంత ఘోరం జరిగేదో!"

"ఇప్పుడే వెళ్ళిపోయారు."

"మేనేజరుగారి అత్తగారేనా?"

హెడ్ ఆపరేటరు తెల్లబోయి చూసింది.

"అత్తగారేమిటి! ఫోన్లు ఎప్పుడు బాగుచేస్తారని అడగడానికి తరచూ వచ్చేవారు. ఇవాళేనని కబురు చేస్తే, మాట్లాడి చూసే పని నాకివ్వండి అన్నారు. ఎలా కాదనను?"

"ఇంతకీ ఎవరండీ ఆవిడ?"

హెడ్ ఆపరేటరు మూలబల్ల మీద చెయ్యి ఆనించి, నీళ్ళు నిండిన కళ్ళతో అంది: "వాళ్ళాయనకి గుండెనొప్పి వచ్చిన రోజు ఆవిడ ఈ బల్లకే ఫోన్ చేసి ఇంటి అడ్రసు చెప్తూనే ఉన్నారు, ఇవతల వింటున్న నాకు ఒక్క ముక్కా అందలేదు."