నాలుగు వేళ్ళ ఎత్తు

“మళ్ళీ వలకే తగిలింది! ముసలితనం వచ్చేసిందిరా మునకాతా,” అన్నాడు ఇనుయి, రాకెట్‌తో తొడ మీద కొట్టుకుంటూ.

“వచ్చి పదేళ్ళయింది. ఇవాళ కనిపెట్టావా?”

మునకాత పైకి నవ్వాడు గానీ లోపల లెక్క నడుస్తూనే ఉంది. చెరి అయిదు గేములు. ఇనుయి మీద ఇంతవరకు నెగ్గుకొచ్చి ఎన్నేళ్ళయిందో!

నగరా నది గట్టు మీది ఆ టెన్నిస్ కోర్టులో వాళ్ళు ఆడుతున్నది సరదాకి కాదు. ముప్పై ఏళ్ళు కలిసి నడిపిన రాకెట్ల కొట్టు మూతపడింది. దాన్ని కొన్న పెద్ద కొట్టువాళ్ళు, రాకెట్లకు తీగలు అల్లడానికి ఒక్కణ్ణే ఉంచుకుంటామన్నారు. ఇద్దరికీ అరవై రెండు. రెండోవాడికి ఇంకెక్కడా పని పుట్టదు. ఇనుయి ఒంటరివాడు. మునకాత భార్య రెండేళ్ళుగా మంచం దిగలేదు.

గెలిచినవాడికే ఆ పని అన్న పందెం మునకాత ఆలోచనే. ఊరికే వచ్చేది అతనికి గిట్టదు. కొట్టులో తగ్గింపు ఇచ్చేవాడు కాదు, బయట అడిగేవాడూ కాదు. “కావాలని బంతి వదిలేశావో, నీ మొహం చూడను. నీ ఆట నాకు తెలుసు,” అని ముందే చెప్పాడు.

“నీ చేతిలో ఓడాలంటే నేను కావాలనే ఓడాలి మరి!” అని ఇనుయి పకపకా నవ్వాడు.

ఆ ఉదయం భార్యకు గంజి పట్టించి మునకాత వచ్చేసరికి, ఇనుయి బల్ల మీద కూర్చుని చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు.

“సైకిలు గొలుసు ఊడిందా?”

“ఊఁ. ముందు ఆటకు రా.”

ఇనుయి బంతి వలను రాసుకుంటూ చదునుగా దూసుకొస్తుంది. మునకాతది నింపాదిగా పైకి లేచి దిగే బంతి. ఇవాళ ఇనుయి కొట్టినవి సగం వలలోనే చచ్చాయి. అయినా ఆటగాడు ఆటగాడే. చివరికి, గెలవడానికి అతనికి ఇంకొక్క పాయింటు చాలు అన్నంత వరకు వచ్చింది.

ఇనుయి సర్వీసు వల అంచుకు తగిలి, ఇవతల గడిలో మెత్తగా జారింది. మునకాత కదల్లేకపోయాడు.

“లెట్. మళ్ళీ వేస్తున్నా,” అన్నాడు ఇనుయి.

బతికానురా అనుకున్నాడు మునకాత. ఈసారి బంతి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. అయిదోసారి ఇనుయి కొట్టింది వల అంచు మీద ఒక్క క్షణం ఆగి, ఇవతలికి రాలింది. మునకాత పరుగెత్తాడు. అందలేదు.

అదృష్టంతో వచ్చిన పాయింటుకు క్షమించమన్నట్టు ఇనుయి అలవాటుగా చెయ్యెత్తి తల వంచాడు. వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

“ఇదేం న్యాయంరా?” మునకాత రొప్పుతూ అరిచాడు. “ఇందాక తగిలిందీ ఈ వలకే. సర్వీసైతే మళ్ళీ ఆడాలి, ఆట నడుమైతే పాయింటా? ఒకే సరుక్కి రెండు ధరలు!”

“అయితే మళ్ళీ ఆడదాం. రా,” ఇనుయి ఆత్రంగా అన్నాడు.

“జాలి చూపిస్తున్నావా? రూలు రూలే. సోమవారం నుంచి పనిలో చేరు.”

“ఒక్క పాయింటేరా...”

“పొమ్మన్నానా!”

ఇనుయి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఓడినవాడే వల దించి, కోర్టు ఊడవాలి. మునకాత స్తంభానికున్న, వలను బిగించే పిడి పట్టుకున్నాడు. తిరగలేదు. రెండు చేతులూ వేశాడు. ఎందుకింత బిగువు? చూస్తే, వలను నడుమ కిందికి లాగి ఉంచే పట్టీ కూడా సడలి ఉంది. ఒక రాకెట్ నిలువుగా పెట్టి, దాని మీద రెండోది అడ్డంగా ఆనించి ఎత్తు కొలిచాడు. నడుమ వల సరిగ్గా అంతే ఉండాలి. నాలుగు వేళ్ళు ఎక్కువ.

ఆ నాలుగు వేళ్ళు లేకపోతే చివరి బంతి వలను తాకేదే కాదు. నేరుగా తన రాకెట్ మీదికి వచ్చేది.

ఎవరి పని ఇది? ఎందులోనైనా మోసం జరిగితే, లాభం ఎవరికో చూడాలన్నది కొట్టు నేర్పిన పాఠం. చదునుగా కొట్టేవాడికి ఈ ఎత్తు నష్టం. పైకి లేపి కొట్టేవాడికే లాభం. అంటే తనకే.

మునకాత తన అరచేతులు చూసుకున్నాడు. పిడి గ్రీజు నల్లగా అంటుకుంది.

పొద్దున ఇనుయి చేతులకున్నదీ ఇదే.