గొట్టంలో తలకాయ

“ఈ మరక ఎవరి పుణ్యం?” గొట్టంలోంచి తీసిన తెల్లగుడ్డను కుర్ర ఇంజినీరు ఫిట్టర్ల ముందు ఆడించాడు. “గాలిని కుదించి దాచే చోటయ్యా ఇది! ఒత్తిడికి గాలి కాగిపోతుంది. నిప్పురవ్వ అక్కర్లేదు, కాస్త నూనె చాలు, గొట్టం భగ్గుమంటుంది. వాసన చూడండి!”

ముందు తనే చూశాడు. గుప్పున మల్లెపూల వాసన.

“మన ఇంట్లో మొదటి ఇంజినీరువి, ఇవాళ మిషను నడిపిస్తున్నావు” అంటూ పొద్దున అమ్మ అతని నెత్తిన దోసెడు పోసి మర్దించిన మల్లెనూనె అది! ఇందాక హెల్మెట్ తీసి మరీ గొట్టంలో తల దూర్చి, “అద్దంలా ఉంది” అని మెచ్చుకున్న మేధావీ తనే.

“ఏమైందయ్యా? పెద్దలంతా మీట నొక్కడానికి కూర్చున్నారు,” మేనేజరమ్మ వచ్చి తొందరపెట్టింది.

గుడ్డను జేబులో కుక్కేస్తే పరువు దక్కేది. కానీ ఫిట్టర్లు ఆ గొట్టం పక్కనే నిలబడాలి.

“ఇవాళ్టికి ఆపాలండీ. మళ్లీ కడగాలి.”

“తప్పెవరిదని చెప్పను?”

“నాదేనండీ. నా తలనూనె.”

ఆవిడ పెద్దలకు చెప్పడానికి వెనుదిరిగింది. ఫిట్టర్లు కిసుక్కుమన్నారు. వాళ్లలో పెద్దాయన ఉతికిన తువ్వాలొకటి తెచ్చి ఇంజినీరు చేతిలో పెట్టాడు.

“తలకు గట్టిగా చుట్టుకోండి సార్. కడిగాక లోపల మీరే చూడాలి. మీరు బాగుందంటేనే మేం దాని పక్కన నిలబడతాం.”