ఘాట్‌రోడ్డు గొంతు

ఘాట్‌రోడ్డు తన భర్త సన్యాసినాయుడిని అక్క గొంతుతో హెచ్చరిస్తోందేమోనన్న అనుమానం వరహాలమ్మను ఆరేళ్లుగా తొలుస్తోంది. చలికాలం మంచు కమ్మితే, స్టీరింగ్ పట్టినవాళ్లు ఎవరి మాట కాదనలేరో ఆ గొంతుతోనే రోడ్డు మాట్లాడుతుంది. అతను మొదట పెళ్లిచూపులకు వచ్చింది అక్క నూకరత్నం కోసమే.

ఆ మార్గశిర గురువారం, మంచులో, ఆమె భర్త తోలే కూరగాయల వ్యాన్ ఎక్కింది. మొదటి మలుపులోనే వినబడింది.

“మరిదీ, నెమ్మది. పక్కన లోయ.”

అక్కే!

“నా గొంతుకేటొచ్చింది?” అంది భర్త మీద మండిపడుతూ.

“నువ్వు చెప్తే దెబ్బలాడతానే. బండి లోయలోకెళ్తాది.”

“జరుగు. నేను తోల్తాను.”

తనకైనా మొగుడి గొంతే పలకాలని అమ్మవారికి మొక్కి వేగం పెంచింది.

“ఒలే బుల్లీ, ఆపు! మలుపులో లారీ అడ్డం తిరిగింది!”

మళ్లీ అక్కే. తల్లి పోయాక జడలేసి పెంచిన అక్క. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. లారీకి జానెడు దూరంలో వ్యాన్ ఆగింది. అక్క మాట కాదనలేనని అమ్మవారికైనా చెప్పుకోలేదే, ఈ రోడ్డుకెవరు చెప్పారో!

ఆ సాయంత్రం పసుపు, కుంకుమ, నానబెట్టిన శనగలతో వరహాలమ్మ నూకరత్నం ఇంటి గుమ్మమెక్కింది. అక్క వ్రతంలో పుచ్చుకుని, అలిగి ఇన్నేళ్లూ ఇవ్వని బదులు వాయనం అది.

“ఇస్తినమ్మ వాయనం.”

“ఇన్నాళ్లకా, బుల్లీ!” అంటూ అక్క కొంగు చాపింది.