ఇన్సూరెన్స్ మనిషి

“ఈ బండికి ఇన్సూరెన్స్ ఉన్నదా అమ్మా?”

దుకాణం ముందు కారు అద్దం తుడుస్తున్న స్వరూప వెనక్కి తిరిగింది.

ఎవరో ముసలాయన. తలకు తువ్వాలు, చంకలో సంచి, కాళ్ల నిండా దుమ్ము.

కారు కొని పట్టుమని వారం కాలేదు. అప్పుడే ఏజెంట్లు వాసన పట్టేశారన్నమాట!

“మాకు తెలిసినోళ్లు ఉన్నరు పెద్దాయనా,” అంది.

“ఉన్నరు సరే. చేపిచ్చినవా మరి?”

“చేపిస్త.”

“ఎప్పుడు?”

స్వరూప మళ్లీ అద్దం తుడవడంలో పడింది.

గద్వాలలో బ్లౌజులు కుట్టే దుకాణం పెట్టుకుని, సొంత సంపాదనతో స్వరూప కొనుక్కున్న మొదటి కారు అది. వడ్డేపల్లి రైతు కురుమూర్తి వాడుకుని అమ్మిన పాత బండే. అయినా కొత్త పెళ్లికూతురిని చూసుకున్నట్టు చూసుకుంటోంది. జోగులాంబ గుడి దగ్గర పూజ చేయించింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. ఎర్ర సీటు కవర్లు తొడిగించింది.

ఇన్సూరెన్స్ గడువు తీరిపోయిందని కురుమూర్తి ముందే చెప్పాడు. పేరు మార్పించుకునేటప్పుడు అదీ ఇదీ కలిపి చేయించుకుందామని స్వరూప దసరా తర్వాతికి వాయిదా వేసింది. ముచ్చట్లన్నీ తీరాయి గాని, ఆ పనికే తీరిక దొరకలేదు.

ముసలాయన కారు ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. ఈసారి నేరుగా దుకాణంలోకే.

“చేపిచ్చినవా బిడ్డా?”

స్వరూప మిషన్ తొక్కడం ఆపింది.

“నీది ఏ కంపెనీ?”

“కంపెనీ గింపెనీ నాకు తెల్వదు.”

“మరి నేను చేపిస్తే నీకేం వస్తది?”

“నాకేం వస్తది? ఏం రాదు.”

ఆమెకు నవ్వొచ్చింది. ఏమీ రాకుండా ఎండలో ఇంత దూరం తిరిగే ఏజెంటును ఎక్కడా చూడలేదు. పాపం అనిపించి టీ తెప్పించింది. టీ తాగాడు గాని పట్టిన పట్టు విడవలేదు.

“నా బండి నేను పైలంగ నడుపుకుంట. గీత పడితే నా పైసలు పెట్టి బాగు చేపిచ్చుకుంట. నడుమ నీకెందుకు ఇంత పరేషాన్?”

“బండి కోసం గాదు బిడ్డా. తొవ్వల నడిచేటోళ్ల కోసం.”

“అంటే? మందిని గుద్దనీకి కొన్ననా నేను కారు?”

బ్లౌజుల కోసం వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు.

ముసలాయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

“గుద్దనీకి ఎవరు కొంటరు బిడ్డా?” అన్నాడు మెల్లగా.

ఆయన మెట్లు దిగుతుంటే స్వరూప మనసు చివుక్కుమంది. నోరు జారానేమో అనుకుంది.

“నీ పేరన్న చెప్పిపో. చేపిస్తే నీ పేరు చెప్పే చేపిస్త.”

“మాసయ్య. రేపు మేస్త్రీ వెంట బొంబాయి పోతున్న. మళ్ల అడగనీకి రాను. జర జల్ది చేపియ్యి.”

పీడ వదిలిందనుకుంది. కానీ అనుమానం మాత్రం వదల్లేదు. కూలి పనికి బొంబాయి పోయే మనిషికి గద్వాలలో ఇన్సూరెన్స్‌తో ఏం పని? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

ఆ ఆదివారం వనపర్తిలో పెళ్లివారికి బ్లౌజులు ఇచ్చి తిరిగి వస్తోంది. పొద్దు గూకుతోంది. పక్క పొలంలోంచి ఒక మేక రోడ్డు మీదికి దూకింది. దాని వెంట కర్ర పట్టుకున్న మనిషి.

స్వరూప బ్రేకు మీద నిలబడినంత పని చేసింది.

కారు కీచుమంటూ ఆగింది. ఆ మనిషికీ బంపరుకీ మధ్య జానెడు సందు కూడా లేదు.

అతను ఒకసారి ఆమెను చూసి, మేకను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆమె బండిని రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. తగిలి ఉంటే, ఇన్సూరెన్స్ లేకుండా ఆ మనిషి పెళ్లాం పిల్లలకు తను ఏం ఇవ్వగలదు? ఎర్ర సీటు కవర్లా? తన మీద తనకే సిగ్గేసింది.

తెల్లారగానే కురుమూర్తికి ఫోన్ చేసింది. బండి ఇంకా ఆయన పేరు మీదే ఉంది కాబట్టి సంతకాలకు ఆయన కూడా రావాలి. పాపం, మారు మాట్లాడకుండా వచ్చాడు. ఇద్దరూ కలిసి ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లారు.

పని పూర్తయ్యాక స్వరూప క్లర్కుతో అంది.

“సార్, మాసయ్య అనే ఏజెంట్ చెప్తే వచ్చిన. కమిషన్ ఏమన్న ఉంటే ఆయనకే పోవాలె.”

క్లర్కు కంప్యూటర్‌లో వెతికాడు.

“ఆ పేరుతో మాకు ఏజెంట్ ఎవరూ లేరమ్మా.”

స్వరూప కురుమూర్తి వైపు తిరిగింది.

“నీకేమన్న ఎరుకనా అన్నా? ముసలాయన, తలకు తువ్వాలు చుట్టుకుంటడు. నా పానం తీసిండనుకో, ఇన్సూరెన్స్ చేపియ్యమని.”

కురుమూర్తి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మా ఇంటికి గూడ వచ్చిండు చెల్లె. కారు ఎవరికి అమ్మినవని అడిగిండు. నీ దుకాణం గుర్తులు నేనే చెప్పిన.”

“ఎందుకు? ఈ కారుతోని ఆయనకేం పని?”

కురుమూర్తి తల ఎత్తలేదు.

“ఆయన భార్య రంగమ్మ పానం పోయింది ఈ కారు కిందనే చెల్లె, అప్పటికే దీని ఇన్సూరెన్స్ తీరిపోయి ఉండె.”