వచ్చే నెల ఉంటారుగా?

"ఇందుల మనిషి పడితే తేలుతడా సార్?"

పార్కు మూలనున్న ఇనుప పైపు మూత తీసి లోపలికి తొంగి చూస్తున్న నరసింహమూర్తి, ఆ మాటకు తలెత్తాడు.

అడిగింది కనకరాజు. నాచారంలో పనిచేసే ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ కాలనీ పార్కుకు కాపలా ఉంటున్నాడు. భార్య సారలమ్మ పోయి నెల కూడా తిరగలేదు. అతనికి ఏడుపు రాలేదు. ఏడవలేదేమని చుట్టాలు చెవులు కొరుక్కున్నా చీమ కుట్టినట్టయినా లేదు. అన్నంలో ఉప్పుందో లేదో కూడా తెలియడం లేదు.

"మనిషి పట్టేంత వెడల్పు లేదండీ. పిడికిలి దూరితే గొప్ప," అన్నాడు నరసింహమూర్తి.

"గట్లనా," అన్నాడు కనకరాజు.

నరసింహమూర్తి పైపును వదిలేసి అతన్నే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి, వెంట తెచ్చిన నల్ల డబ్బా ఒకటి తీగకు కట్టి లోపలికి దించి మూత బిగించాడు.

అదేమిటని కనకరాజు అడగలేదు. అప్పటికే దేన్ని గురించీ అడగడం మానేశాడు.

నరసింహమూర్తిది భూగర్భ జలాల ఆఫీసు. నేలలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయో చూడటానికి సర్కారు వేసిన పైపు అది. చూడాల్సిన అవసరం ఉంది మరి. ఆ కాలనీలో ఇంటికో బోరు, బోరుకో మోటారు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం మేడలవాళ్ళూ రేకుల షెడ్లవాళ్ళూ ట్యాంకరు ముందు ఒక్కటే.

అప్పటినుంచి నెల మారగానే నరసింహమూర్తి సంచీ తగిలించుకుని, ఉప్పల్ చౌరస్తాలో బస్సు మారి, ఎండన పడి వచ్చేవాడు.

"కనకరాజు గారూ, ఈ టేపు కాస్త పట్టుకోండి. నాకు చూపు ఆనడం లేదు."

టేపు కొస నీళ్ళను తాకగానే పైన కుయ్యిమనేది.

"ఎంతుందో చదవండి. పోయిన నెలకన్నా పెరిగాయా, తగ్గాయా?"

కనకరాజు బుర్ర గోక్కుని గుర్తు తెచ్చుకునేవాడు.

"రాసుకోరా సార్?"

"మీకు గుర్తుంటుందిగా."

పని కాగానే బెంచీ మీద క్యారేజీ విప్పేవాడు. "మా ఆవిడ రాజ్యానిది పెద్ద చెయ్యండీ. ఒక్కడికి పెట్టమంటే ఇద్దరికి పెడుతుంది. కూర్చోండి."

వద్దంటే వినే రకం కాదు. కనకరాజు రుచీ పచీ తెలియకుండానే తినేవాడు. ఒకసారి మాత్రం ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"జర కారమెక్కువైంది సార్."

నరసింహమూర్తి మొహం వెలిగిపోయింది. "ఆవిడతో చెబుతాను!"

వెళ్ళేముందు ఎప్పుడూ ఒకటే మాట.

"వచ్చే నెల ఉంటారుగా?"

"యాడికి పోత సార్?"

అలా జరిగిపోతుండగా కాలనీ సంఘం ప్రెసిడెంటు చలపతిరావు కన్ను ఆ పైపు మీద పడింది.

"ఆ మనిషిని ఇక లోపలికి రానివ్వకు కనకరాజూ. నీళ్ళు తగ్గాయని చెప్పాడంటే రేపు మన బోర్లకు సీలు వేస్తారు. ఆఫీసు కాగితం చూపిస్తేనే గేటు తియ్యి. లేదా ఇంకో చోట పని చూసుకో."

కనకరాజు తలూపాడు. కాదనాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా.

నెల మారింది. నరసింహమూర్తి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"కాయితం ఉందా సార్?"

"కాగితమా? లేదండీ."

"ఉంటెనే రానియ్యమన్నరు."

గేటు ఊచల అవతలే నరసింహమూర్తి సంచీ దించాడు.

"పోనీలెండి. నీళ్ళ సంగతికేముంది. మీరు బాగున్నారా?"

"నాకేమైతది?"

నరసింహమూర్తి క్యారేజీని గేటు మీదుగా అందించాడు. "గిన్నెలు వచ్చే నెల తీసుకుంటాను. ఉంటారుగా?"

బాల్కనీలోంచి చలపతిరావు చూస్తున్నాడు. కనకరాజు క్యారేజీ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

గిన్నెలు తోమి కిటికీలో బోర్లించాడు. నెల మారింది. నరసింహమూర్తి రాలేదు. మరో నెల వచ్చేసరికి కనకరాజు పైపు మూత మీద ఆకులు ఊడ్చి, పొద్దున్నే గేటు బార్లా తీసి నిలబడ్డాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు.

వచ్చింది ఆఫీసు జీపు. దిగింది హరిచందన అనే ఆఫీసరు, చేతిలో కాగితంతో సహా. చలపతిరావు కిక్కురుమనలేదు.

"నరసింహమూర్తి సార్ రాలేదా అమ్మా?"

"ఆ సార్ మీకు తెలుసా? పోయిన నెల చనిపోయిన్రు. గుండె జబ్బు."

అయ్యో అనాలని కనకరాజుకు తెలుసు. అయినా ఆమె మూత తీసి నల్ల డబ్బాను పైకి లాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"టేపు తేలేదా అమ్మా? నేను పడత."

"టేపెందుకు? నీళ్ళు ఇదే కొలుస్తది, లెక్క కూడ ఇదే ఆఫీసుకు పంపుతది. బ్యాటరీ మార్చుదామని వచ్చిన, అంతే."

"మరి సార్ నెలనెలా వచ్చి కొలిచేటోడు గద?"

"సారా? ఇది పెట్టిన వారానికే రిటైరయిన్రు. ఇంక ఆయనకు ఈడ పనేముంది?"

కనకరాజు గదిలోకి వెళ్ళి క్యారేజీ తెచ్చాడు. తోమి పెట్టిన గిన్నెలనే మళ్ళీ తువ్వాలుతో తుడిచాడు.

"గిది వాళ్ళింట్ల ఇయ్యుండ్రమ్మా. రాజ్యమ్మకు."

హరిచందన క్యారేజీ వంకా, అతని వంకా చూసింది.

"రాజ్యం మేడమ్ పోయి చాన ఏండ్లాయె పెద్దాయనా. సార్ ఒక్కరే ఉండేటోళ్ళు. ఆయన వంట ఆయనే చేసుకునేటోళ్ళు."