ఒక్క అడుగు వెనక్కి

గుర్రం కందకం అంచుదాకా వచ్చి ఆగిపోయింది. మెడ నిక్కించి, ముక్కుపుటాలు ఎగరేస్తూ గుంటలోకి తొంగి చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది. పైనున్న పిల్ల "పద బంగారం, పద" అంటూ డొక్కలో మడమ ఆనించగానే, ఉన్నచోటి నుంచే గెంతి అవతల పడి, పరుగందుకుంది.

పక్కనే మడతకుర్చీలో కూర్చున్న హోబర్ట్ స్కాగ్స్ చేతిలో పెన్ను అలాగే నిలిచిపోయింది. ఆ ఏడో అడ్డంకి దగ్గర తీర్పరి ఆయనే. గుర్రం ఆగి వెంటనే దూకితే తప్పు లేదు. ఒక్క అడుగు వెనక్కి వేసినా ఇరవై పాయింట్లు జరిమానా.

"ఏడో నంబరు, ఏమైంది?" అని వాకీటాకీ అడిగింది.

హోబర్ట్ దూరమవుతున్న గుర్రం కేసే చూస్తున్నాడు. బ్రయర్ దాని పేరు. నాలుగేళ్ల శాడిల్‌బ్రెడ్. ఇదే మొదటి పోటీ. కెంటకీలో ఆ జాతి గుర్రాలు రింగులో తలెగరేసుకుని నడవడానికే తప్ప, పొలాలకడ్డం పడి దుంగలూ గుంటలూ దూకడానికి పనికిరావని అందరిదీ ఒకటే మాట. పొద్దున దాన్ని ట్రైలర్లోంచి దించుతుంటే, "ఏం పాపా, దారి తప్పావా? పెరేడ్ ఊళ్లో కదా" అన్నారెవరో. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నలభై ఏళ్లు ఆ గుర్రాలనే తీర్చిదిద్దిన హోబర్ట్‌కి ఆ నవ్వు ఇంకా చెవుల్లోంచి పోలేదు.

"హోబర్ట్ గారూ, ఉన్నారా?"

"ఉన్నాను. క్లియర్, తప్పేం లేదు" అన్నాడు.

కాగితం మీదా అదే రాశాడు. రాశాక రెండోసారి దాని వంక చూడలేకపోయాడు.

మధ్యాహ్నానికి ఫలితాలు పెట్టారు. మొదటి పేరు టెస్సా కాడిల్, గుర్రం బ్రయర్. పొద్దున నవ్వినవాళ్లే బ్రయర్ పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఇలాంటి రోజు కోసం హోబర్ట్ ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఆయనకే తెలుసు. తీరా వస్తే, ఒక్కసారి కొరికిన హామ్ బన్నుని మళ్లీ పొట్లంలో చుట్టేశాడు.

జినీవా అనే ఆవిడ కాఫీ తెచ్చి చేతికిచ్చింది. ఆవిడ కూతురూ ఆ పోటీలో ఉంది.

"మాది రెండోదండీ. ఒక్క పాయింటులో పోయింది. 'ఎక్కడ తప్పు చేశానమ్మా' అని ట్రైలర్లో కూర్చుని ఒకటే ఏడుపు. మీ కందకం దగ్గర గానీ తడబడిందా?"

"లేదమ్మా. మీ పిల్ల ఎక్కడా వంక పెట్టనివ్వలేదు."

"ఆ ముక్క మీరే వచ్చి చెబుదురూ. నేను చెబితే అమ్మ కాబట్టి అంటున్నావంటుంది. మీరైతే మొహమాటానికి అనరు కదా."

హోబర్ట్ కాఫీ తాగకుండానే కప్పు కుర్చీ కింద పెట్టి లేచాడు.

ఫిర్యాదు చేసుకోడానికి ఇంకా పావుగంట గడువుంది. ఆఫీసు గుడారం దాకా నడుస్తూ మాటలు కూడదీసుకున్నాడు. చూశాను, చూసే అబద్ధం రాశాను. అంతే, అంతకన్నా ఏం లేదు. వాళ్లు తన బ్యాడ్జి తీసుకుంటారు, తీసుకోనీ. ఆ టెస్సా మొహం ఎలా చూడాలన్నదే తెలియలేదు. ఏ తప్పూ చేయని పిల్ల. గెలిచానని మురిసిపోతున్న పిల్ల.

గుడారంలో లొరెట్టా కాగితాలు సర్దుకుంటోంది. పోటీ లెక్కలన్నీ ఆవిడ చేతి మీదే నడుస్తాయి.

"లొరెట్టా, ఆ ఏడో అడ్డంకి సంగతి..."

"అప్పుడే మీ దాకా వచ్చేసిందా బాబాయ్? ఎవరు మోశారో గానీ, మీకు తెలియనివ్వకూడదనుకున్నాం."

"ఏది?"

"టెస్సా ఇందాకే వచ్చింది. గుర్రం అడుగు వెనక్కి వేసింది, జరిమానా వెయ్యమంది. వేసేశాం. జినీవా కూతురికి ఫస్టొచ్చింది. మిమ్మల్ని మాత్రం ఒక్క మాట అనొద్దని ఎంత బతిమాలిందో. 'ఆయన కావాలని తప్పు రాసే మనిషి కాదండీ, పాపం చూపు ఆనుండదు' అంది."

లొరెట్టా వెనకాల బోర్డు మీద చీమల్లాంటి అక్షరాలతో పేర్లున్నాయి. టెస్సా పేరు అట్టడుగున ఉంది. హోబర్ట్ ఉన్నచోటి నుంచే అన్నీ చదివాడు.

"అది కాదమ్మా, నేను..." అంటుండగానే టెస్సా లోపలికొచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి. మొహం నిండా బురద చుక్కలు.

"మీరేం బాధపడకండి తాతగారూ. మా నాన్నమ్మకీ ఇంతే. ఆపరేషనయ్యాక ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది."

"నీ మొదటి స్థానం పోయింది కదమ్మా."

"పోతే పోయింది. బ్రయర్ కందకమంటే బెదిరింది, అయినా దూకింది కదా. నాకది చాలు. మీ కాలంలో ఈ గుర్రాలకి ఎలా నేర్పేవాళ్లో ఒకరోజు నాకు చెప్పాలి మీరు."

ఆ పిల్ల కళ్లలో అనుమానమన్నది లేదు. ఇప్పుడు చెప్పాలి, ఈ క్షణమే చెప్పాలి అనుకున్నాడు హోబర్ట్. ఈలోగా టెస్సా ఆయన మోచెయ్యి పట్టుకుని మెల్లిగా బయటికి నడిపించింది.

"ఇక్కడ అడ్డంగా తాడు కట్టారు తాతగారూ, కాలెత్తండి."

ఎండలో పసుప్పచ్చగా మెరుస్తున్న ఆ తాడు కోసం హోబర్ట్ రెండు చేతులూ చాచి గాల్లో తడుముకున్నాడు.