గుమ్మానికి కట్టిన మండలు

ముప్పైనాలుగులో ఆ కొల్లేటి లంకకి కలరా వచ్చింది. జబ్బు తగిలిన ప్రతి ఇంటి గుమ్మానికీ వేపమండ కట్టారు. ఉన్న ఆరిళ్లలో సత్యవేణి గుమ్మం ఒక్కటే బోసిగా ఉంది. రాత్రిళ్లు ఆ ఇంట్లోంచి ఆమె కొడుకు నవ్వు వినపడేది. కొడుకుని పోగొట్టుకున్న అచ్చమ్మకి అది వింటే ఒళ్లు మండిపోయేది.

ఒక రాత్రి, ఆ ఇంటికీ జబ్బు తగలాలని, తన గుమ్మానికున్న మండ విప్పి పట్టుకెళ్లింది.

చీకట్లో సత్యవేణి గుమ్మం తడిమితే చేతికి ఆకులు తగిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు మండలు. తమ రెండిళ్లూ కాక లంకలో ఉన్నవి నాలుగిళ్లే. వాటిలో రెండిళ్లలో మనుషులే మిగల్లేదు.

అయినా అచ్చమ్మ తన మండ కూడా కట్టింది. లోపల నవ్వు ఆగిపోయింది.

"ఎవరండీ?" అంది సత్యవేణి.

అచ్చమ్మ చప్పున మెట్టు దిగబోయింది.

"మేమేనండీ" అని ఆమె వెనక చాలా గొంతులు పలికాయి. అందులో ఒకటి తన కొడుకుది.